పశువుల డాక్టరవుతానంటే నవ్వకండి!

"మీ చిన్నమ్మాయి ఏమవుతానంటోంది వదినా?" అని అడిగింది మా ఆడపడుచు, సంక్రాంతికి వచ్చినప్పుడు. నేను అరిసెల పాకం దగ్గరున్నాను. పాకం ముదిరిపోతుందేమోనన్న కంగారులో వెనకా ముందూ చూసుకోకుండా "పశువుల డాక్టరు" అనేశాను. ఇల్లంతా ఒకటే నవ్వు! మా మరిదిగారైతే "అయితే కట్నం కింద గేదెను ఇస్తే సరి" అన్నారు. మా అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. "ఏమిటే అమ్మాయ్, పేడ కంపు మనకి వద్దనే కదా దాన్ని చదివిస్తోంది. చదువుకుని కూడా మళ్ళీ ఆ కొట్టంలోకేనా?" అన్నారు.

పిల్ల తలుపు చాటున నిలబడి అన్నీ వింటోంది. దాని మొహం చూశాక నాకు అరిసె మింగుడు పడలేదండీ.

మనిషి డాక్టరంటే గౌరవం, పశువు డాక్టరంటే నవ్వు! మన ఇళ్ళలో పొద్దున్నే కాఫీకి పాలు కావాలి, పెరుగు తోడుకోవాలి, వెన్న తియ్యాలి. ఆ పాలిచ్చే గేదెకి జ్వరమొస్తే మాత్రం పరిగెత్తుకొచ్చేవాళ్ళు లోకువ. మీ ఇంట్లో కూడా ఏ పిల్లయినా ఈ మాట అని ఉంటే, నవ్వేముందు నేను చెప్పేది కాస్త వినండి. ఎందుకంటే ఈ చదువుకి కావలసిన ఏర్పాటు ఇంటరయ్యాక మొదలుపెడితే సగం దార్లు మూసుకుపోయి ఉంటాయి. ఆ సంగతి నేను మా పెద్దమ్మాయి విషయంలో నష్టపోయి నేర్చుకున్నాను.

ఆ రాత్రి

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. ఎకరం చిల్లర పొలం, రెండు గేదెలు. మా వారికి మోటార్లు బాగుచేసే చిన్న షాపుంది. చిన్నది 7వ తరగతి సెలవుల్లో ఉండగా మా పెద్ద గేదెకి ఈత కష్టమైంది. సాయంత్రం దీపాలవేళ నీటిసంచి పగిలింది. ఎంతసేపటికీ దూడ రాలేదు. ఊళ్ళో తెలిసినాయన ఒకాయన వచ్చి, కనిపిస్తున్న కాళ్ళు పట్టుకుని లాగాడు. మేమూ ఊరుకున్నాం. తప్పు మాదే. రాత్రి పదింటికి గాని డాక్టరుకు ఫోను చెయ్యాలని తోచలేదు.

వచ్చింది ఎవరనుకున్నారు? పాతికేళ్ళ ఆడపిల్ల! పక్క మండలం ఆసుపత్రిలో కొత్తగా చేరిందట. మా మావయ్యగారు "ఈ అమ్మాయా?" అన్నట్టు చూశారు. ఆ పిల్ల మాత్రం ఎవరినీ పట్టించుకోలేదు. వేడినీళ్ళు, సబ్బు అడిగింది. భుజం దాకా ఉండే తొడుగులు వేసుకుంది. "ముందు కాళ్ళ మీద తల పెట్టుకుని రావాల్సిన దూడ, తల వెనక్కి తిప్పేసుకుంది. లాగితే రాదు. ముందు లోపలికి తోసి, తల సరిచేసి, అప్పుడు లాగాలి" అని చెప్పి, చెప్పినట్టే చేసింది. మా చిన్నది టార్చిలైటు పట్టుకుని నిలబడింది. గంటసేపు దాని చెయ్యి వణకలేదు.

గేదె బతికింది. దూడ బతకలేదు.

"నీటిసంచి పగిలి రెండు గంటలైనా దూడ కదలకపోతే ఇక ఆగకూడదు, పిలిచెయ్యాలి" అని ఆ డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది నాకు. వెళ్ళేముందు చేతులు కడుక్కుంటుంటే మాయను నేను ఉత్తి చేతులతో తీసి పారెయ్యబోయాను. "వద్దండీ, ముట్టుకోకండి" అని ఆపింది. ఈసుకుపోయిన పశువుల నుంచి, మాయ నుంచి కొన్ని జబ్బులు మనకీ అంటుకుంటాయట. గేదెల దగ్గర పుట్టి పెరిగినదాన్ని, నలభై ఏళ్ళొచ్చేదాకా ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు. మీరూ గుర్తుపెట్టుకోండి.

మర్నాడు పొద్దున చిన్నది ఏడ్చి ఏడ్చి లేచి, "అమ్మా, నేనూ ఆ అక్క చదివిన చదువే చదువుతాను" అంది. పిల్లల మాట కదా, రెండు రోజుల్లో మర్చిపోతుందిలే అనుకున్నాను. మర్చిపోలేదు.

ఊరగాయ జాడీ కింద కాగితం

ఇప్పుడు మా పెద్దమ్మాయి సంగతి. 2018లో అది మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో 8వ తరగతి. ఒకరోజు బడి నుంచి ఒక కాగితం తెచ్చి "అమ్మా, నాన్నచేత సంతకం పెట్టించు" అంది. సరేనని తీసుకున్నాను. ఆ రోజు మాగాయ జాడీ కింద నూనె మరకవుతోందని, చేతిలో ఉన్న కాగితాన్ని మడిచి జాడీ కింద పెట్టేశాను. తర్వాత అది అడిగింది. "ఎక్కడో ఉందిలేవే, చూస్తాను" అన్నాను. వేసవిలో జాడీ కడగడానికి తీస్తే నూనె పీల్చుకుని అద్దంలా ఉన్న ఆ కాగితం కనిపించింది. పరీక్ష అయిపోయి ఎన్ని నెలలైందో!

అది ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష కాగితం. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్. 8వ తరగతిలో పరీక్ష రాసి ఎంపికైతే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగేళ్ళకి 48,000. నా నిర్లక్ష్యం ఖరీదు అది. పెద్దది ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. దానికీ డాక్టరు చదువు మీద మనసుండేది. 10వ తరగతి అయ్యాక డబ్బు చూసుకుని, "కంప్యూటర్లయితే తొందరగా ఉద్యోగం వస్తుంది" అన్న చుట్టాల మాట విని ఎం.పి.సి.లో చేర్చాం. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, బాగానే చదువుతోంది. కాని ఆ నూనె కాగితం నా కళ్ళ ముందు నుంచి పోదు.

అందుకని ఈ పరీక్ష గురించి కాస్త వివరంగా చెబుతాను. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి చదివే పిల్లలు రాయొచ్చు. ప్రైవేటు బడి పిల్లలకీ, నవోదయ, కేంద్రీయ విద్యాలయ పిల్లలకీ, హాస్టలుతో కూడిన ప్రభుత్వ గురుకులాల పిల్లలకీ లేదు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 3,50,000 మించకూడదు. 7వ తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 50 చాలు. పరీక్షలో రెండు భాగాలు. ఒకటి బుర్రకు పదును పెట్టే లెక్కలు, బొమ్మలు, వరుసలు, 90 ప్రశ్నలు. రెండోది 7, 8 తరగతుల సైన్సు, సోషల్, లెక్కలు, అదీ 90 ప్రశ్నలే. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దని పిల్లకి చెప్పండి.

ఎంపికైతే పనైపోయినట్టు కాదు సుమండీ! పిల్ల పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి, దానికి ఆధార్ కలిపి ఉండాలి. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చెయ్యాలి, మళ్ళీ ప్రతి ఏడాదీ రెన్యూవల్ చెయ్యాలి. 10వ తరగతిలో 60 శాతం మార్కులు తెచ్చుకోకపోతే ఇంటర్‌లో ఆగిపోతుంది. మా చిన్నదానికి ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, బడి రికార్డులో పేరు పక్కన ఒక అక్షరమే ఉంది. ఆ ఒక్క అక్షరం కోసం మూడుసార్లు ఆధార్ సెంటరు చుట్టూ తిరిగాను. వెళ్ళిన ప్రతిసారీ ఒకపూట వంట ఆలస్యం, మా వారి చిరాకు. అయినా తిరిగాను. జాడీ కింద కాగితం గుర్తొచ్చేది మరి!

మొదటి ఏడాది డబ్బు పడగానే ఇంట్లో చిన్న గొడవ కూడా అయింది. షాపుకి రాగితీగ కొనాలి, నెలలో మళ్ళీ వేస్తానన్నారు మా వారు. నేను ఒప్పుకోలేదు. ఆ డబ్బు పిల్లది, పిల్ల బుర్రతో సంపాదించుకున్నది. మూడు రోజులు మాటల్లేవు. నాలుగోరోజు ఆయనే వచ్చి "సరేలే" అన్నారు. ఆ డబ్బుతోనే ఇంటర్ పుస్తకాలు, కోచింగు మెటీరియల్ కొన్నాం.

గేదెల నోటు పుస్తకం

హైస్కూల్లో ఏం చదవాలి అని అడుగుతారు. నేను ఇంటర్‌తో పెళ్ళయి వచ్చినదాన్ని, అదీ సి.ఇ.సి. ఫిజిక్సు నాకేం తెలుసు! అయినా ఇంట్లో చెయ్యగలిగింది ఒకటుంది. ఆ రాత్రి వచ్చిన డాక్టరమ్మే తర్వాత టీకాలకు వచ్చినప్పుడు చిన్నదానికి చెప్పింది, "మీ గేదెలకి ఒక నోటు పుస్తకం పెట్టు" అని.

దాంట్లో మా అమ్మాయి ఏం రాస్తుందంటే... ఏ రోజు ఎదకొచ్చింది, ఏ రోజు చూడి కట్టించాం, ఎప్పుడు ఈనాలి. గేదెకి దాదాపు 310 రోజులు, ఆవుకి దాదాపు 280. నట్టల మందు ఎప్పుడు పట్టించాం, గాలికుంటు టీకా ఎప్పుడు, గొంతువాపు టీకా ఎప్పుడు. పూటకి ఎన్ని లీటర్ల పాలు, పాల కేంద్రం చీటీలో వెన్న శాతం ఎంత. తవుడు, చెక్క, పచ్చగడ్డి ఎంత. ఈ లెక్కలన్నీ మన ఇంట్లో నోటి మీద జరిగిపోయేవే. కాగితం మీద పెట్టేసరికి చదువైపోయింది! ఎండాకాలంలో వెన్న శాతం ఎందుకు తగ్గిందో అని అదే ప్రశ్న వేసుకుంది, అదే గడ్డి లెక్క చూసుకుంది. పచ్చగడ్డి కరువైన వారం, ఎండు గడ్డి పెంచిన వారం పక్కపక్కన పెట్టి చూస్తే నాక్కూడా ఏదో అర్థమైంది.

10వ తరగతిలో జీర్ణక్రియ పాఠం వచ్చినప్పుడు, గేదె కడుపులో నాలుగు అరలుంటాయని, మొదటి అరలో మేత నానుతుందని, అందుకే నెమరు వేస్తుందని కొట్టం దగ్గరే కూర్చుని నాకు చెప్పింది. బొమ్మ వేసి పొయ్యి పక్క గోడకి అంటించింది. ఇప్పటికీ ఉంది, తాలింపు చిట్లి మరకలు పడినా తియ్యనివ్వదు.

అయితే ఒక్క మాట. పశువులంటే ప్రేముంటే చాలనుకోకండి. ప్రవేశ పరీక్షలో పిల్లల్ని వెనక్కి నెట్టేది ఎక్కువగా జీవశాస్త్రం కాదు, ఫిజిక్సు. అదీ హైస్కూలు లెక్కల్లో పట్టు లేకపోవడంవల్ల! బై.పి.సి.లో లెక్కలుండవని సంబరపడి 10వ తరగతిలోనే లెక్కలు వదిలేసే పిల్లలున్నారు. వదలనివ్వకండి. భిన్నాలు, నిష్పత్తులు, ఘాతాలు, గ్రాఫులు అన్నీ ఫిజిక్సులో మళ్ళీ ఎదురవుతాయి. రేపు డాక్టరయ్యాక పశువు బరువుని బట్టి మందు లెక్కకట్టాలన్నా అవే. మా చిన్నది 9వ తరగతిలో లెక్కల్లో వెనకబడితే, పక్కవీధి పిల్లకి నేను జాకెట్లు కుట్టిపెట్టి, బదులుగా ఆ పిల్లచేత దీనికి సాయంత్రాలు లెక్కలు చెప్పించాను. డబ్బే ఇవ్వాలని ఎక్కడుంది!

ఇంగ్లీషు కూడా అంతే. నీట్ పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు గాని, పశువైద్య కాలేజీలో చదువంతా ఇంగ్లీషులోనే. 8వ తరగతి నుంచి రోజుకి పది మాటలు, శరీర భాగాల పేర్లు, జబ్బుల పేర్లు తెలుగు, ఇంగ్లీషు రెండూ పక్కపక్కన రాయించండి. పొదుగువాపుకి ఇంగ్లీషులో మాస్టైటిస్ అంటారని ఇప్పుడు నాక్కూడా తెలుసు!

ఇంటర్ తర్వాత దారి

పశువుల డాక్టరు చదువుని బి.వి.ఎస్సీ. అండ్ ఎ.హెచ్. అంటారు. మొత్తం ఐదున్నరేళ్ళు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ ఏడాది స్టైపెండు ఇస్తారు. ఇంటర్‌లో బై.పి.సి. తప్పనిసరి, ఇంగ్లీషు పాసై ఉండాలి. చేరే ఏడాది డిసెంబరు 31కి పిల్లకి 17 ఏళ్ళు నిండాలి. తొందరపడి చిన్న వయసులోనే బళ్ళో వేసినవాళ్ళు పుట్టినతేదీ ఒకసారి చూసుకోండి.

మన ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద కాలేజీలున్నాయి. తిరుపతి కాలేజీ 1955 నుంచి ఉన్నది, గన్నవరం కాలేజీ 1998లో వచ్చింది. ప్రొద్దుటూరు, గరివిడి తర్వాత వచ్చినవి. తెలంగాణలో హైదరాబాదు రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు ఉన్నాయి. అవి పి.వి. నరసింహారావు పేరుతో ఉన్న విశ్వవిద్యాలయం కిందకి వస్తాయి.

సీట్లలో 15 శాతం దేశం మొత్తానికి కలిపి భారత పశువైద్య మండలి భర్తీ చేస్తుంది, నీట్ మార్కుల మీద. మిగతావి రాష్ట్రంలో విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. దానికి నీట్ చూస్తారా, ఈఏపీసెట్ చూస్తారా అన్నది ఏ ఏడాదికాయేడు నోటిఫికేషన్‌లో చదువుకోవాలి. ఒకటే రాసి కూర్చోవద్దు. మా చిన్నది రెండూ రాస్తోంది. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, సగం జీవశాస్త్రమే, తప్పుకి ఒక మార్కు కొయ్యబడుతుంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, తప్పుకి కోత లేదు. ఆ రెండోదాని ర్యాంకుతో వ్యవసాయం, ఉద్యాన కోర్సులకు కూడా దారుంటుంది.

చాలామంది పొరబడే చోటు ఇక్కడే. నీట్ రాసేశాం కదా, సీటు దానంతటదే వస్తుందనుకుంటారు. రాదు! ఎం.బి.బి.ఎస్.కి వేరు, పశువైద్య మండలికి వేరు, మన రాష్ట్ర విశ్వవిద్యాలయానికి వేరు. ఎక్కడికక్కడ విడిగా దరఖాస్తు పెట్టాలి. మా చుట్టాలమ్మాయి ఒకతి, ఇప్పుడు తిరుపతిలో రెండో ఏడాది చదువుతోంది, మొదటిసారి మండలి దరఖాస్తు తేదీ దాటబెట్టుకుని ఒక ఏడాది పోగొట్టుకుంది. ర్యాంకు లేక కాదు, తేదీ తెలియక!

ఇంకొకటి. రైతు కుటుంబాల పిల్లలకి, పల్లెల్లో చదివిన పిల్లలకి కోటా ఉంటుంది. దానికి భూమి పాస్‌బుక్కు, పల్లెటూరి బడిలో చదివినట్టు సర్టిఫికెట్లు అడుగుతారు. స్థానికులమని చూపించుకోవాలన్నా 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. బడి మారినప్పుడల్లా అప్పుడే తీసి దాచుకోండి. పదేళ్ళ తర్వాత వెళితే ఆ హెడ్మాస్టరుగారు ఉండరు, రిజిస్టరు దొరకదు.

ఎవరైనా ఏజెంటు ఫోను చేసి ఫలానా రాష్ట్రంలో సీటిప్పిస్తామంటే, ఆ కాలేజీకి భారత పశువైద్య మండలి గుర్తింపుందో లేదో ముందు చూడండి. గుర్తింపు లేని డిగ్రీతో డాక్టరుగా రిజిస్టరు చెయ్యరు. బంగారం కుదువబెట్టాక తెలిస్తే ఏం లాభం?

డబ్బు సంగతి

మన రాష్ట్రంలో జ్ఞానభూమి, తెలంగాణలో ఈపాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంటుకి దరఖాస్తు చేసుకోవాలి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంటుంది గాని అడిగే కాగితాలు మాత్రం అవే. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం. హాజరు 75 శాతం ఉండాలి.

ఇది కాక కేంద్రం ఇచ్చేది ఒకటుంది. ఇంటర్ బోర్డులో మంచి మార్కులతో పై 20 శాతం వరసలో నిలిచిన పిల్లలకి, కుటుంబ ఆదాయం 4,50,000 లోపుంటే, మొదటి మూడేళ్ళు ఏడాదికి 12,000, ఇలాంటి పొడుగు చదువులకి నాలుగు, ఐదు సంవత్సరాల్లో 20,000. ఇందులో సగం ఆడపిల్లలకే కేటాయించారు. అయితే ఇది తీసుకుంటే ఫీజు రీయింబర్స్‌మెంటు కుదరదు, అది తీసుకుంటే ఇది కుదరదు. కాగితం మీద రెండు లెక్కలూ వేసుకుని ఏది లాభమో చూసుకోండి. ఆశకుపోయి రెండిటికీ పెడితే చివరికి ఇబ్బంది.

ఇన్‌స్పయిర్ అని ఏడాదికి 80,000 ఇచ్చేది కూడా ఉందని విని, నేను కూడా సంబరపడ్డాను. తీరా చూస్తే అది బి.ఎస్సీ. లాంటి మూల శాస్త్రాలు చదివేవాళ్ళకి. పశువైద్యానికి రాదు. ఆ ఆశ పెట్టుకుని లెక్కలు వేసుకోకండి.

వీటన్నిటికీ మూలం ఆ ఆదాయ ధ్రువీకరణ పత్రమే. ఆఖరి రోజున సర్వర్ పనిచెయ్యదు, ఆఫీసులో సారు సెలవు. నేను ఒక ప్లాస్టిక్ ఫోల్డరు కొని, ఒరిజినల్స్ ఒక అరలో, జిరాక్సులు ఒక్కోటి ఐదేసి ఇంకో అరలో, ఫోటోలు చిన్న కవరులో పెట్టి, బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టాను. చీర తీసినప్పుడల్లా కంటబడుతుంది. వంటింట్లో కాగితం పెట్టడం మానేశాను!

ముందే చూపించండి

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఇది కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని ముద్దుచేసే ఉద్యోగం కాదు. రక్తం ఉంటుంది, చీము ఉంటుంది, చచ్చిన పశువుని కోసి చూడాల్సి ఉంటుంది. కుక్కకాటు భయం ఉంటుంది, అందుకే ఈ చదువు చదివేవాళ్ళు ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకోవాలి. అర్ధరాత్రి ఫోన్లొస్తాయి. పిల్ల 10వ తరగతి లోపే, ఊరి పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారిని అడిగి, నాలుగు రోజులు పొద్దుటిపూట కూర్చోబెట్టండి. టీకాల శిబిరానికి పంపండి. కళ్ళు తిరిగి పడిపోతే పడిపోనివ్వండి, రెండోరోజు మళ్ళీ వెళ్తానంటుందో లేదో చూడండి. అప్పుడు తెలుస్తుంది ఇష్టమో, సరదానో.

అంత పొడుగు చదువు మావల్ల కాదనుకునేవాళ్ళకి 10వ తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమా ఉంది. అదీ మంచిదే, తొందరగా చేతికొస్తుంది. కాని అది చదివితే డాక్టరు అవరు, సహాయకులవుతారు. రెండిటికీ తేడా పిల్లకి ముందే చెప్పాలి.

"ఆడపిల్ల చెయ్యగలదా?" అన్నారు కదా మా అత్తయ్యగారు. మద్రాసు పశువైద్య కాలేజీలో చదివి 1952లోనే పట్టా పుచ్చుకున్నారు సక్కుబాయి రామచంద్రన్‌గారు. మన దేశంలో మొట్టమొదటి మహిళా పశువైద్యుల్లో ఆవిడ ఒకరు. అంటే మా అత్తయ్యగారు ఇంకా పుట్టకముందే! ఈ మాట ఆవిడకి చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే ఆవిడకి పెళ్ళయిందా?" అని అడిగారు. ఏం చెప్పమంటారు!

మా చిన్నది ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది. సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. మొదటిసారి రాకపోతే ఇంకోసారి రాయించడానికి ఒప్పుకున్నాం, ఆ ఏడాది ఖర్చుకని పాలడబ్బుల్లో నెలకి వెయ్యి పోస్టాఫీసులో వేస్తున్నాను. దరఖాస్తులన్నీ పెద్దదే చూసుకుంటోంది. తేదీలన్నీ క్యాలెండరు మీద ఎర్రసిరాతో చుట్టిపెట్టింది. మొన్న ఫోల్డరులోంచి ఆదాయ ధ్రువీకరణ తీస్తూ, "అమ్మా, దీని కింద నూనె మరక లేదు" అంది. నవ్వుతూనే అంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మా గేదె మళ్ళీ చూడితో ఉంది. నోటు పుస్తకం లెక్క ప్రకారం మే నెల మొదటి వారంలో ఈనాలి. నీట్ కూడా ఇంచుమించు అప్పుడే. చిన్నది ఇప్పటికే చెప్పేసింది, "నీటిసంచి పగిలిన టైము గడియారం చూసి రాసుకో. రెండు గంటలు దాటితే 1962కి ఫోను చెయ్యి. నన్ను మాత్రం లేపకు" అని. 1962 అంటే పశువుల అంబులెన్సు నంబరు లెండి. పొయ్యి పక్క గోడ మీద, ఆ కడుపు బొమ్మ కిందనే, పెద్ద అంకెల్లో రాసిపెట్టాను.